గిన్నె మీద పేరు

కోరుట్లలోని ఆ స్టీలు సామాన్ల దుకాణంలో ఒక మూలన పేర్లు చెక్కే మిషన్ ఉంది. సూదిని గిన్నెకు ఆనించగానే కందిరీగలా జుయ్యిమంటుంది. పోయిన వారం ఆ చప్పుడు వినగానే నా అరచేతులు చల్లబడిపోయాయి. ఉద్యోగం నుంచి రిటైరై ఇన్నేళ్లయింది, ఇంట్లో అందరూ నన్ను గట్టి మనిషినంటారు, కానీ ఆ చప్పుడు ముందు నేను ఇంకా ఇరవై మూడేళ్ల పిరికి నర్సునే. గృహప్రవేశానికి ఇవ్వడానికని కొన్న బిందె పట్టుకుని దుకాణదారు అడిగాడు, "ఏం పేరు రాయాలె మేడం?" "జెర ఆగు తమ్మీ" అని అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. సాయవ్వ కళ్ల ముందు నిలబడింది.

నా మొదటి పోస్టింగు బుగ్గారం దాటాక ఒక ఊళ్లో, రెండు గదుల సబ్ సెంటర్‌లో. సాయవ్వ అక్కడ ఆయా. యాభై దాటిన మనిషి, ముందూ వెనకా ఎవరూ లేరు. అవి ఎటు చూసినా భయమే ఉన్న రోజులు. అడవి నుంచి అన్నలు వచ్చి అన్నం అడిగితే పెట్టకపోవడానికి భయం. పెట్టారని తెలిస్తే పోలీసులు వస్తారని భయం. బుల్లెట్ బండి చప్పుడైతే ఊళ్లో తలుపులు వాటంతట అవే మూసుకునేవి. జగిత్యాలలో పుట్టి పెరిగిన నేను, ఎవరైనా వాకిట్లో దగ్గినా ఉలిక్కిపడేదాన్ని.

సాయవ్వకు భయం లేదనుకుంటే పొరపాటు. పోలీసు జీపు కనబడితే ఆమె చేతిలోని చీపురు కూడా వణికేది. కానీ ఆమెకు ఒక అలవాటుండేది. సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి రాగానే గడప మీద కూర్చుని కాళ్లు చాపుకుని, ఆ రోజు తనకు ఎవరు ఏ మేలు చేశారో తనలో తానే గొణుక్కునేది. "నీళ్లిచ్చినామె సల్లగుండాలె. బండి ఆపి ఎక్కించుకున్నాయిన సల్లగుండాలె. మొరిగి మొరిగి కరవకుంట పోయిన కుక్క సల్లగుండాలె." నేను నవ్వేదాన్ని. ఒకరోజు అడిగాను.

"గిదేం పూజ అవ్వా?"

"పూజ గాదు బిడ్డా. భయమైతది గద. మంచి చేసినోళ్లను యాది చేసుకున్నంత సేపు భయం జెర దూరం జరుగుతది."

"మరి పేర్లు చెప్పవేంది?"

"పేర్లు దేవునికెర్కే. గోడలకెందుకు?"

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. చదువుకున్నదాన్ననే పొగరు కొంత ఉండేది, ఒప్పుకోవాలి.

ఆ వానాకాలం నాకు కామెర్లు వచ్చాయి. బంద్ పిలుపుతో బస్సులు ఆగిపోయాయి, ఇంటికి పోయే దారి లేదు. పది రోజులు నాకు పథ్యం వండి పంపింది లక్ష్మి. అప్పటికి రెండు నెలల కిందటే ఆమెకు నా చేతుల మీదుగా ఆడపిల్ల పుట్టింది. భర్త దుబాయిలో ఉన్నాడు. పచ్చి బాలింత, చంకలో పిల్లతో, జావ పట్టుకుని ఆ బురదలో నడిచివచ్చేది. బస్సులు తిరగడం మొదలవగానే జగిత్యాల పోయి మంచి స్టీలు టిఫిను గిన్నె కొన్నాను. ఇచ్చినవాళ్ల పేరు చెక్కించడం మన ఆనవాయితీ కదా, 'నర్సు సరోజన' అని పెద్ద అక్షరాల్లో చెక్కించాను. నా కృతజ్ఞత రోజూ ఆమె కళ్ల ముందు మెరవాలని నా ఆశ.

గిన్నె చూసి సాయవ్వ మొహం మాడ్చుకుంది. "గిన్నె మంచిగున్నది. పేరెందుకు రాయిస్తివి బిడ్డా?"

"అందరు రాయిస్తరు గద అవ్వా" అన్నాను.

నెల తిరిగిందో లేదో, టీకాల రోజు పొద్దున జీపు వచ్చింది. వరండాలో తల్లులు పిల్లలతో వరుసలో కూర్చున్నారు. ఎస్సై లోపలికొచ్చి, టీకా మందుల పెట్టె పక్కన ఒక గిన్నె పెట్టాడు. మూత లేదు. అడుగున అన్నం ఎండి అంటుకుని ఉంది. నా పేరు మాత్రం తళతళలాడుతోంది.

"గుట్ట కింద దొరికింది. నీదేనా?"

"నేను కొన్నదే సార్."

"ఎవలకిచ్చినవ్?"

వరుసలో మూడో మనిషి లక్ష్మి. భుజం మీద పిల్ల నిద్రపోతోంది. నా కళ్లు అటు తిరిగితే చాలు, ఆమె బతుకు అయిపోయినట్టే. సిగ్గు విడిచి నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆమె పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది.

"నాకే ఇచ్చింది సారూ" అంది సాయవ్వ వెనక నుంచి. "గడ్డికి పోయి ఆడ మర్సిన."

"అన్నం ఎవలకు మోసినవ్?"

"నాకే సారూ. నేను తినొద్దా?"

ఆమె గొంతు వణుకుతూనే ఉంది. చీపురు గోడకు ఆనించి, కొంగు బిగించుకుని జీపెక్కింది. వరుసలో ఒక్కరు కూడా తలెత్తలేదు. నేను ఆ రోజు మిగిలిన పిల్లలందరికీ టీకాలు వేశాను, ఎలా వేశానో నాకే తెలియదు.

అన్నలు పట్టపగలే ఇంటికొచ్చి నిలబడితే, చేతికందిన గిన్నెలో అన్నం సర్ది ఇచ్చానని లక్ష్మి తర్వాత ఏడుస్తూ చెప్పింది.

మూడు రోజులకు మధ్యాహ్నం బస్సులో సాయవ్వ తిరిగివచ్చింది. పాదాలు వాచి ఉన్నాయి, గోడ పట్టుకుని నడిచింది. గడప మీద కూర్చుని, ఎప్పటిలాగే గొణిగింది. "డ్రైవరు ఊరి లోపలి దాక బస్సు తెచ్చిండు, సల్లగుండాలె. ఠాణాల ఒక జవాను చాటుంగ నీళ్లిచ్చిండు, సల్లగుండాలె." నేను ఏడుస్తూ కాళ్ల మీద పడబోతే చేత్తో నా నోరు గట్టిగా మూసింది.

"మొక్కకు బిడ్డా. ఎందుకు మొక్కినవని అడుగుతరు."

అంతే. ఆ తర్వాత నేను ఆమెకు 'నీ మేలు మరువను' అన్న మాట ఎన్నడూ చెప్పలేదు. సిరిసిల్లకు బదిలీ అయిన రోజు బస్టాపులో జనం ఉన్నారని ఊరుకున్నాను. నాలుగేళ్లకు ఆమె పోయిందన్న కబురు వచ్చింది. అప్పటికి చెప్పడానికి మనిషే లేదు. రోజూ సాయంత్రం గడప మీద కూర్చుని, ఆ రోజు మేలు చేసినవాళ్లను తలచుకోవడం ఆమె నుంచే నాకు వచ్చింది. నేనూ పేర్లు చెప్పను.

"మేడం, పేరు?" దుకాణదారు మళ్లీ అడిగాడు. బిందె లక్ష్మి కూతురికి. ఆనాడు భుజం మీద నిద్రపోయిన పిల్లే ఇప్పుడు కోరుట్లలో ఇల్లు కట్టుకుంది. నేను వాకిలి వైపు ఒకసారి చూశాను. ఎవరూ లేరు.

"సాయవ్వ" అన్నాను.

"నీ పేరేనా అమ్మా?"

"కాదు. ఇచ్చినామె పేరు."