బొంతలోకి అమ్మ చీరలు

మగ్గాల ఇంట్లో పుట్టినవాడికి గుడ్డ గురించి ఒకరు చెప్పాలా అనే పొగరు నాకు ఉండేది. ఆ పొగరు రాయచోటిలో మా అత్తగారింట, నలుగురి మధ్యన నా పరువుతో పాటు మా అమ్మ పరువు కూడా ఎలా తీసిందో చెప్తాను. మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

నా కూతుర్ని తొట్లో వేసేనాటికి బొంత కుట్టాలన్నారు. లోపల ఏం పెట్టాలన్నదే చర్చ. మా మామ ఫైబరు కొందామన్నాడు. పక్కింటావిడ బూరుగు దూది మంచిదంది. నేను ఊరుకుంటానా? ఫైబరైతే మన ఎండలకు బిడ్డ ఉడికిపోతుందన్నాను. బూరుగు దూది రెండు ఉతుకులకే ఉండలు కట్టి గోలీల సంచి అవుతుందన్నాను. ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, అరిగిన నూలు చీరలే పొర మీద పొర వేసి కుట్టాలని తేల్చేశాను. అదంతా నిజమే, అక్కడే నా ఖర్మ. నిజం చెప్పి ఆగి ఉంటే సరిపోయేది.

"చీరలకు దిగులు పడొద్దత్తా. మా అమ్మ పెట్టె నిండా ఉండాయి" అన్నాను.

నాయనమ్మ కట్టి విడిచిన చీర కంటే బిడ్డకు ఏం కావాలని మా అత్త మురిసిపోయింది. నేను అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అడగలేదండీ, చెప్పాను. అమ్మ ముందు బిడ్డ పాలు తాగుతోందా అని అడిగింది. తర్వాత "చూస్తాలే నాయనా" అంది. నా గొప్ప నాకే వినపడుతుంటే అమ్మ తటపటాయింపు ఏం వినపడుతుంది?

బొంత కుట్టే రోజు అమ్మ చిన్న సంచితో బస్సు దిగి వచ్చింది. ఆడవాళ్లంతా సూదీ దారం పట్టుకుని పంచలో కూర్చున్నారు. అందరికీ వినపడేటట్టు అడిగాను.

"మూట యాడమ్మా?"

అమ్మ తల వంచుకుంది. "యాడివి నాయనా. నేసిందంతా సావుకారికే పాయె. నేను కట్టేది పాలిస్టరు చీరలే గదా. నువ్వు చూడల్యా?"

చూడలేదు. నేసే చీరలు చూశాను గానీ కట్టే చీర ఏనాడూ చూడలేదు. ఆ రోజు ఆమె ఒంటి మీదున్నదీ జారుడు పూల చీరే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. బల్లి నయం, ఒక్కటే పడుతుంది. నేను మా అమ్మను కూడా లాక్కుని పడ్డాను.

మా అత్త మంచిది. మారు మాట లేకుండా లోపలికి పోయి తన పాత నూలు చీరలు తెచ్చి పరిచింది. అమ్మ పొరలు సర్దుతూ ఒక అంచు దగ్గర ఆగి, వేలితో తడిమింది.

"ఇది నేను నేసిందే వదినా. వీడు కర్నూల్లో చదివేటప్పుడు."

"అయితే అల్లుడు చెప్పింది నిజమే వదినా. చీరలు మీ ఇంటివేగా" అంది మా అత్త. ఎగతాళికి కాదు, ఓదార్పుకే అంది. అందుకే నాకు ఇంకా మండింది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, నా వైపు చూడకుండా.

బొంత మాత్రం వెన్నే. నా కూతురు దాన్ని ఇప్పటికీ వదలదు. తర్వాత సిగ్గుపడి అమ్మకు మంచి నూలు చీర కొనిచ్చాను. దాన్ని చేత్తో నలిపి చూసి, "ఇది మెత్తబడేదాకా నేనుండొద్దా నాయనా" అంది.

కాబట్టి ఆ బొంత మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మెత్తదనం గురించి ఎవరింట్లో ఉపన్యాసం ఇవ్వాలన్నా, ముందు మా అమ్మ కొంగు పట్టుకుని చూసి గానీ నోరు తెరవను.