గద్వాలలో నేను తెంపిన పోగులు

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మన్ననూర్ నుంచి గద్వాలకు ఒంటరిగా వచ్చి, ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేరాను. నేతగాళ్ల వీధిలో గది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. వారం రోజులు తల వంచుకుని వెళ్లి, తల వంచుకునే వచ్చాను.

ఒకరోజు డ్యూటీకి బయల్దేరి చూస్తే, వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతున్నారు. అవతలికి ఎలా వెళ్లాలో అడగడానికి సిగ్గేసి, దారాల కింద నుంచి దూరాను. బ్యాగు జిప్పుకు చిక్కుకుని పోగులు పుటుక్కున తెగాయి. వీధంతా పని ఆపి నావైపు చూసింది. నాకు ఏడుపొచ్చేసింది.

"కదలకు బిడ్డా!" అంటూ ఒక పెద్దామె వచ్చి, జిప్పులోంచి ఒక్కో పోగూ విడిపించింది. "ఏ ఊరు నీది?"

"మన్ననూర్."

"గంత దూరం నుంచొచ్చినవు, దారి ఏడుందని జర అడగరాదా?"

"అడగనీకె భయమైందవ్వా."

ఆమె నవ్వింది. "ఐదే పోగులు తెగినయి. గంతకే ఏడుస్తరా? రా, నువ్వే అతుకు."

జారకుండా నా వేళ్లకు బూడిద అద్ది, పోగులు ఎలా మెలిపెట్టాలో చెయ్యి పట్టుకుని చూపించింది. ఐదూ అతికేసరికి ఆ వీధిలో సగం మందికి నా పేరు తెలిసింది.

నేను అతికిన పోగులున్న ఆ పడుగుతో నేసిన చీరలు ఎవరెవరి ఇళ్లకు చేరాయో తెలియదు. అందుకే ఇప్పుడు ఎక్కడైనా గద్వాల చీర కట్టుకున్నవాళ్లు కనబడితే, ముందు నేనే పలకరిస్తాను.