బండి మామ చేసిన ఒకే ఒక్క బేరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘లేదు’ అన్న మాటను ఎవరూ నమ్మేవారు కాదు. మోండా మార్కెట్ సందులో మా నాన్నది తాళ్లు, చాపలు, మంచాలకు అల్లే నవారు పట్టీ అమ్మే దుకాణం. అటు పక్క గిన్నెల కొట్టు మా పెదనాన్నది, ఇటు పక్క పసుపు కుంకుమల కొట్టు మా మేనమామది. ‘ఇంతకంటే తగ్గదు’ అంటే ఇంకా తగ్గుతుందని, ‘సరుకు లేదు’ అంటే లోపల ఉందని మాకు పాలు తాగే వయసులోనే తెలిసిపోయేది.

అన్నిటికంటే పెద్ద విద్య బేరం మధ్యలో లేచి వెళ్లడం. ధర నచ్చకపోతే లేవాలి. వెనక్కి చూడకూడదు. పని ఉన్నట్టే నడవాలి కానీ త్వరగా నడవకూడదు. సందు మలుపు దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు కాస్త వంగాలి. బేరమంతా ఆ వంగడంలో ఉంది. అంతలో వెనక నుంచి పిలుపు వస్తుంది. ఈ విద్య నాకు ఎంత బాగా అబ్బిందంటే, మా అమ్మ కూరగాయలకు నన్నే వెంటబెట్టుకుని వెళ్లేది. నేను దూరంగా కనబడగానే కొత్తిమీర అమ్మే ముసలమ్మ బుట్ట మీద గోనె కప్పేసేది. దాన్ని నేను గౌరవంగానే తీసుకునేదాన్ని.

మా దుకాణానికి ఎదురుగా రేకుల షెడ్డులో మోటారు సైకిళ్లు బాగుచేసే ఆయన ఉండేవాడు. మాకు చుట్టం కాదు. ఊహ తెలిసినప్పటి నుంచి నాకు ఆయన బండి మామ, ఆయన భార్య అత్తమ్మ. మామకు బండ్లంటే ప్రాణం. మిలిటరీ వేలంలో తుక్కు కింద పోయిన మూడు బండ్లను కలిపి తనకంటూ ఒకటి చేసుకున్నాడు. ఆదివారం దాన్ని కడిగి, తుడిచి, ఇద్దరు కూతుళ్లను ముందు ట్యాంకు మీద, అత్తమ్మను వెనక కూర్చోబెట్టుకుని కంటోన్మెంట్ రోడ్ల మీద తిప్పేవాడు. ఆయనలో నాకు నచ్చనిది ఒక్కటే, బేరం చేయడు. సామాన్ల కొట్టువాడు ఎంతంటే అంత ఇచ్చి వచ్చేవాడు. ఆయన బదులు నేను కుమిలిపోయేదాన్ని.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి బండి బాగుచేసినా, అప్పగించే ముందు అత్తమ్మను వెనక ఎక్కించుకుని బోయిన్‌పల్లి దాకా ట్రయల్‌కు వెళ్లేవాడు. ముందు కూర్చున్నవాడికి ఇంజను చప్పుడే వినబడుతుందట, బండి కష్టం వెనక కూర్చున్నవాళ్లకే తెలుస్తుందట. వంట మధ్యలో ఉన్నా సరే, పిలవగానే ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చునేది. ఆవిడ బాగుందంటేనే బండి బయటికి పోయేది. “ఊరోళ్ల బండ్లన్నీ ఎక్కిన, రాణి లెక్క తిరుగుతున్న. అండ్ల ఒక్కటన్న నాది గాదు,” అని మా అమ్మతో అంటూ నవ్వేది.

ఆ నవ్వే మనిషికి మొదట చేతుల్లో పట్టు పోయింది. కూతుళ్లకు వేసిన జడలు బడికి వెళ్లేలోపే ఊడిపోతుంటే మా అమ్మ గమనించింది. తర్వాత ఒక ట్రయల్‌లో, భుజం మీద ఉండాల్సిన చెయ్యి లేదని మామ వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ చెయ్యి ఒళ్లో పడి ఉంది. అది జారిందని ఆవిడకే తెలియలేదు. కొన్నాళ్లకు కాళ్లు కూడా అలాగే అయ్యాయి. అప్పటి నుంచి జడలు మామే వేసేవాడు. ఆయన చేతులు సబ్బుతో ఎంత తోముకున్నా ఆ పిల్లల జడలు బడిలో కిరోసిన్ వాసన వేసేవి.

నరాల జబ్బని చెప్పారు. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తిరిగారు. అందరిదీ ఒకటే మాట, మందు లేదు. మా దుకాణం మెట్టు మీద కూర్చుని మామ ఆ మాట మా నాన్నకు చెబుతుంటే విన్నాను. నాకు ఆశ్చర్యమేసింది. ఇంత పెద్ద మనిషి, మొదటి ధరకే తల ఊపి వచ్చేస్తాడా? దగ్గరికి వెళ్లి, పెద్ద ఆరిందాలాగా మొత్తం విద్య చెప్పాను: లేవాలి, వెనక్కి చూడొద్దు, మెల్లగా నడవాలి, చివర్లో చెప్పు కోసం వంగాలి. డాక్టరైనా సరే పిలుస్తాడని హామీ కూడా ఇచ్చాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి నవ్వాడు. మా నాన్న నవ్వలేదు.

ఆ తర్వాత ఎవరో చెబితే ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి బయలుదేరారు. మామ లోపల మాట్లాడుతున్నప్పుడు అత్తమ్మ ఒరిగిపోకుండా పక్కన ఎవరైనా ఉండాలని మా అమ్మ నన్ను పంపింది. పొడుగాటి వరండాలో బెంచీ మీద ఆవిడను నా భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. డాక్టరు నెమ్మదిగా, మంచిగానే మాట్లాడాడు. కాగితాలన్నీ చూసి, కళ్లద్దాలు తీసి, తల అడ్డంగా ఊపాడు.

మామ లేచాడు. కాగితాలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాడు. మా బెంచీ దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లిపోయాడు. ఎటు పోతున్నాడో అనుకున్నాను. రెండడుగులు చూసేసరికి ఆ నడక గుర్తుపట్టాను. అది మా సందు నడక. పని ఉన్నట్టు, త్వర లేనట్టు. వెనక్కి చూడలేదు. వరండా చివర మెట్ల దగ్గర ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాడు.

వంగి అలాగే ఉన్నాడు. చెప్పుకు ఏమీ కాలేదని నాకు తెలుసు. పిలువు, పిలువు అని ఆ తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను. లోపలి నుంచి గొంతు వినబడింది. మామ చటుక్కున తిరిగాడు.

డాక్టరు పిలిచింది తర్వాతి మనిషిని.

దారిలో రిక్షాలో నేనే అడిగాను, ఇంకాసేపు ఆగాల్సింది కదా అని. నా విద్య మీద నాకు ఇంకా అంత నమ్మకం. మామ అత్తమ్మ తలను తన భుజానికి ఆనించుకున్నాడు. తర్వాత అన్నాడు. “దాసుకొని లేదంటే బేరం జేయొచ్చు బిడ్డా. ఆయన దగ్గర నిజంగనే లేదు. పాపం, ఆయన మాత్రం ఏం జేస్తడు.”

ఆ తర్వాత షెడ్డు తెరిచినా పని సాగలేదు. బాగుచేసిన బండ్లు కూడా ట్రయల్ లేక అలాగే నిలబడి ఉండేవి. మామ స్పానర్ పట్టుకుని వాటి మధ్య ఊరికే కూర్చునేవాడు. ఒక సాయంత్రం గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న అత్తమ్మే మొదలుపెట్టింది, బండి తియ్యమని. పడిపోతావని ఆయన అన్నాడు.

“పడితే ఇద్దరం పడ్తం,” అంది ఆవిడ. “గిట్ల మూలకు కూసోబెట్టి సూసుకుంట ఉంటే నేను బాగైతనా ఏంది? బండ్లోళ్లు సుత పరేషాన్ అయితుండ్రు. తియ్యి.”

మామ మా దుకాణానికి వచ్చి నవారు పట్టీ అడిగాడు. ఎందుకని మా నాన్న అడగలేదు. గజం కర్ర పెట్టకుండా ఏనాడూ పట్టీముక్క కోయని మనిషి, చుట్ట విప్పుతూనే పోయి, కొలవకుండా కోసి చేతిలో పెట్టాడు. బేరం చేయని ఆయన, కొలవని ఈయన. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మా అమ్మా, మా పెద్దమ్మా కలిసి అత్తమ్మను ఎత్తి వెనక కూర్చోబెట్టారు. ఆవిడ నడుముకూ ఆయన నడుముకూ కలిపి నవారు చుట్టి ముడివేశారు. జారకుండా పాదాలు కూడా కట్టారు. బండి నడిచే మనిషి వేగంతో కదిలింది. సందులో తూకం వేస్తున్నవాళ్లు కూడా తక్కెడ పట్టుకుని అలాగే నిలబడ్డారు. రాంగోపాల్‌పేట్ వైపు పోయి, ఒక చుట్టు తిరిగి వచ్చారు. అత్తమ్మ చెంప మామ వీపు మీద ఆని ఉంది. బండి ఆగగానే, “ఎడమ దిక్కు గుంజుతుంది, జెర సూడు,” అంది. మామ కళ్లు తుడుచుకుంటూనే పానా అందుకున్నాడు.

ఆ వేసవి అంతా ట్రయల్స్ జరిగాయి. జబ్బు తగ్గలేదు. ఒక్కరోజు కూడా తగ్గలేదు. వానలు పడ్డాక ఒక ఉదయం మామ వచ్చి, ఉతికి చుట్టచుట్టిన నవారు మా గల్లా పక్కన పెట్టి వెళ్లిపోయాడు. అత్తమ్మ పోయిన మూడోరోజు అది. మా నాన్న దాన్ని దేవుడి పటం వెనక మేకుకు తగిలించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మామ ఆ తర్వాత చాలాకాలం బతికాడు. జడలు వేసి పెంచిన కూతుళ్ల కూతుళ్లకు కూడా జడలు వేశాడు. ట్రయల్‌కు మాత్రం ఒక్కడే వెళ్లేవాడు. పోయి వచ్చాక బండి ఆపి, దిగకుండా కాసేపు కూర్చునేవాడు, వెనక నుంచి ఏదో మాట రావాల్సి ఉన్నట్టు. మొన్న ఎండాకాలంలో ఆయన కూడా పోయాడు.

ఇప్పుడు మా నాన్న దుకాణం నాది. బేరంలో నేను మారానని ఎవరూ అనరు. ధర చీటీ అంటించిన పెద్ద పెద్ద షాపుల్లో కూడా లేచి నడిచి నా మనవరాలి పరువు తీస్తుంటాను. కానీ నా మెట్టు దిగి ఎవరైనా మెల్లగా నడుస్తుంటే మాత్రం కూర్చోలేను. ఆ మనిషి మలుపు దాకా పోకముందే, చెప్పు కోసం వంగకముందే, వాళ్లు అడిగిన ధరకే రమ్మని పిలుస్తాను. గిరాకీని చెడగొడుతున్నానని పక్క కొట్టువాళ్లు తిడతారు. తిట్టనీ. ఆ డాక్టరు దగ్గర లేదు కాబట్టి పిలవలేకపోయాడు. నా దగ్గర ఉంది కదా.