చాపేసుకుని కూర్చున్న మూడు రోజులు

2022. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. సంతానం కోసం వచ్చే ఆడవాళ్ల విభాగంలో నేను స్టాఫ్ నర్సుని. ఇరవై ఏళ్ల సర్వీసు, దానికి తగ్గ నోరు. డాక్టరమ్మ చూసేలోపు కేస్ షీట్ రాయడం నా పని.

ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి రమణమ్మ (పేరు మార్చాను) అత్తతో వచ్చింది. మూడేళ్ల కిందట మూడో నెలలో కడుపు పోయిందట. గర్భసంచి శుభ్రం చేయించారు, ఇంకా కొంచెం మిగిలిందని రెండోసారీ చేశారు. తర్వాత మళ్లీ కడుపు రాలేదు. "నెలసరి సరిగ్గా వస్తాందా పాపా?" అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"ఎందుకు రాదు సిస్టరమ్మా! నెల తప్పకుండా మూడు దినాలు బయట కూచుంటాది. మా ఇంట్లో అంతా పద్ధతే."

నేను 'రెగ్యులర్' అని రాసేశాను. రమణమ్మ తల వంచుకునే ఉంది. సిగ్గనుకున్నాను.

నేను రాసిన ఆ ఒక్క మాట మీద పది నెలలు మాత్రలు నడిచాయి. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర పలుచగా కనబడితే దానికీ మాత్రలే. చివరికి డాక్టరమ్మ హెచ్‌ఎస్‌జీ రాశారు. అంటే గర్భసంచిలోకి మందు పంపి ఎక్స్‌రే తీయడం. ముట్టయిన వారానికి చేయాలి. "ఈ పొద్దుటికి ఏడు దినాలు" అంటూ వచ్చింది రమణమ్మ. మందు లోపలికి పోనేలేదు. దారి ఇంతగా మూసుకుపోయుంటే ముట్టెలా అవుతుందని నాకు అనుమానమొచ్చింది.

బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాను. "నాతో అబద్ధాలాడొద్దు. నిజంగా ముట్టవుతాండావా?"

బోరుమంది. "రెండోసారి కడిగినప్పటి సంది చుక్క కూడా చూళ్లేదక్కా. దినాలు లెక్కబెట్టుకుని, చాపేసుకుని బయట కూచుంటాండా. పిల్లోళ్లు లేరనే నోటికొచ్చినట్టు అంటాండారు. ముట్టు కూడా లేదంటే ఇంట్లో ఉండనిస్తారా? ఆయప్పకు ఇంకోదాన్ని తెచ్చి చేస్తారు."

"మీ ఆయనకన్నా చెప్పినావా?"

"యాడ చెప్పేది?"

నాకు తల కొట్టేసినట్టయింది. నోరున్నదాన్నని పేరే గానీ, అడగాల్సిన చోట అడగలేదు.

హిస్టరోస్కోపీ చేశారు. కడుపు కోయకుండా, కింది నుంచి సన్నటి గొట్టంలాంటి కెమెరా పంపి చేసే ఆపరేషన్ అది. పక్కన నిలబడి పరికరాలు అందించింది నేనే. తెర మీద చూస్తే గర్భసంచి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. డాక్టరమ్మ చిన్న కత్తెరతో ఓపిగ్గా విడదీశారు. మళ్లీ అతుక్కోకుండా లోపల చిన్న బెలూన్ పెట్టి, హార్మోన్ మాత్రలు రాశారు. భర్త ఓబులేసును పిలిచి సంగతంతా చెప్తే, అతను భార్య మంచం పక్కన కూలబడ్డాడు. "నాకొక్క మాట చెప్పుంటే ఏం పోయేదే!" అని ఏడ్చాడు.

మరుసటి నెల ఫోను. "అక్కా, ముట్టయినా! నిజంగా అయినా!" అని అరిచింది రమణమ్మ. వార్డంతా చెప్పుకుని మురిసిపోయాను. ఆ సంతోషం రెండు నెలలే. మూడో నెల ముట్టు ఆగిపోయింది. మళ్లీ కెమెరా పెట్టి చూస్తే గోడలు మునుపటికంటే గట్టిగా అతుక్కున్నాయి. ఇంక ఈ గర్భసంచి బిడ్డను మోయలేదని డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు.

పది నెలల ముందే తెలిసి ఉంటే బాగయ్యేదా అని డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేం సిస్టర్" అన్నారు. కాదని గట్టిగా చెప్పి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

పోతూ పోతూ రమణమ్మ కూడా అదే అడిగింది. "నేను మొదట్లోనే నిజం చెప్పుంటే నిలిచేదా అక్కా?"

"నీ తప్పు కాదు పాపా. అడిగింది నిన్ను, రాసుకుండేది మీ అత్త మాట. తప్పు నాది" అన్నాను. నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు అత్తల్ని, అమ్మల్ని బయటికి పంపి తలుపేస్తాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ. రమణమ్మకు మాత్రం ఆ తలుపు పది నెలలు ఆలస్యంగా వేశాను.