ఏటి అంటే స్టార్ లేదు

బీఈడీలో ప్రవర్తనావాదం నేనూ బట్టీ పట్టినదాన్నే. గంట, కుక్క, లాలాజలం. చేసిన పనికి బహుమతి ఇస్తే ఆ పని మళ్లీ చేస్తారు, దాని పేరు పునర్బలనం. పరీక్ష రాశాక ఆ కుక్కను మరిచిపోయాను. మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరాక అది మా ఇంటికే వచ్చింది.

నర్సీపట్నంలో అప్పుడే కొత్తగా పెట్టిన కాన్వెంటు. విజయవాడ వైపు నుంచి వచ్చిన టీచరమ్మ మా పిల్లలకు మంచి తెలుగు నేర్పుతానని ఒక పద్ధతి పెట్టారు. ముందురోజు బడిలోగానీ ఇంట్లోగానీ “ఏటి”, “సెప్పు” అనలేదని ఒప్పజెప్పిన పిల్లల చేతి మీద పొద్దున్నే మెరిసే స్టార్ అంటిస్తారు. అన్నవాళ్లకు లేదు. మా పిల్ల మొదట్లో ఏడుస్తూ వచ్చేది. తర్వాత రోజూ స్టార్‌తోనే వచ్చేది. ఇంట్లో మాట తగ్గిందంటే చదువు అలసట అనుకున్నాం.

గొలుగొండ నుంచి మా అమ్మ వచ్చినప్పుడు సంగతి బయటపడింది. మనవరాల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని బడి కబుర్లు అడిగింది. పిల్ల తల ఊపుతుందే తప్ప నోరు విప్పదు.

“ఏటమ్మా, ఏటీ సెప్పవేటి? నామీద కోపమా?”

పిల్ల పెదాలు బిగించి చెయ్యి చాపింది. అమ్మ అందులో బెల్లం ముక్క పెట్టింది. పిల్ల దాన్ని పక్కన పెట్టి, స్టార్ అంటించే చోటు వేలితో చూపించింది.

నా ఒళ్లు మండిపోయింది. దానికి “ఏమిటి” రాలేదు, నోరు మూసుకోవడం వచ్చింది. అసలు మాట్లాడకపోతే తప్పు మాట రాదని ఆరేళ్ల పిల్ల కనిపెట్టేసింది. ఇంతకీ తప్పెవరిది? వాళ్లు ఏమిటి అంటే భాష, మేం ఏటి అంటే జబ్బా?

మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని బడికి వెళ్లాను. ఆ టీచరమ్మతో ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడేదాన్ని. ఆ రోజు మా అమ్మ భాష తీశాను.

“ఏటండీ మీరు నేర్పింది? మా అమ్మ అడిగితే పిల్ల పలకట్లేదు. ఆ స్టార్లు మీ దగ్గరే అట్టేపెట్టుకోండి.”

ఆవిడ పునర్బలనం గురించి మొదలుపెట్టారు. అది ఎలుకల మీదా పావురాల మీదా చేశారని, వాటికి అమ్మమ్మతో కబుర్లు చెప్పుకునే పని లేదని అన్నాను. ఆవిడ ముఖం మాడింది. మాడనీ అనుకున్నాను.

గేటు దాటాక పిల్ల నా కొంగు లాగింది.

“అమ్మా, ఇప్పుడు నీకు స్టార్ ఇవ్వరేటి?”

అనేసి, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇంటికి వచ్చేదాకా ఆ చేతులు తీయలేదు.