గొళ్ళెంతో సహా

మా ఆయన చిన్న తరగతుల పిల్లలకు సైన్స్ ప్రదర్శనలు ఇస్తాడు. గాజుసీసాలో కాగితం వెలిగించి, మూతి మీద ఒలిచిన ఉడికిన గుడ్డు పెడితే, సీసా దాన్ని గుటుక్కున మింగేస్తుంది. పిల్లలు పడీపడీ నవ్వేవారు.

"నవ్వితే సరిపోదండీ, బుర్రకెక్కిందేంటో చూడాలి," అంది కొత్తగా వచ్చిన పైఅధికారిణి. ప్రదర్శన అయ్యాక, చూసింది బొమ్మగా వెయ్యమని పిల్లలకు కాగితాలు పంచింది. అందరూ మా ఆయన మీసమే వేశారు. గుడ్డు ఒక్కరూ వేయలేదు.

పెళ్ళినాటి నుంచి అపురూపంగా పెంచుకున్న మీసం తీసేశాడు మహానుభావుడు. ఈసారి పిల్లలు కిటికీలో కూర్చున్న పిల్లిని వేశారు. అధికారిణి కిటికీలు మూయించింది. తరవాత, జోకు వేసినప్పుడల్లా ఊగే ఆయన పొట్టను వేశారు. జోకులు మానేసి, బల్ల వెనక కదలకుండా నిలబడమంది.

"గుడ్డుకి నేనే అడ్డమటే! ఇంకేం తీసెయ్యను?" అని ఇంటికొచ్చి చతికిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం? అక్కడ నా మాట వినేదెవరు?

ఆ తరవాతి ప్రదర్శనకు నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. గుడ్డు సీసాలోకి జారింది. హాల్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు. కాగితాలు చేతికి రాగానే మా ఆయన ఆశగా ఒక్కొక్కటే తిరగేశాడు. తిరగేసి, అన్నీ నా చేతిలో పెట్టాడు.

పిల్లలందరూ తలుపు బొమ్మే వేశారు. గొళ్ళెంతో సహా.