వెనకవైపు నుంచి చదివిన పత్రిక

తలుపు గడియ తుప్పు తుడుద్దామని కిరసనాయిలు సీసా మూత తీస్తే చాలు, నేనిక ఒకచోట కూర్చోలేను. చిలకలూరిపేటలో మా నాన్న ప్రెస్సు గుర్తొస్తుంది. లేచి ఇల్లంతా తిరుగుతాను.

నాన్న పెళ్లి కార్డులూ, పత్తి జిన్నింగు మిల్లుల రసీదులూ అచ్చువేసేవాడు. రైతుల కోసం ఒకవైపే అచ్చువేసిన నాలుగు కాగితాల వారపత్రిక కూడా తెచ్చేవాడు. అచ్చు పనయ్యాక సీసపు అక్షరాలను కిరసనాయిలుతో కడిగి, గుడ్డలో మూటగట్టి ఇంటికి పంపేవాడు. మిరపకాయల ఘాటుకు ఊరంతా దగ్గే ఎండాకాలపు మధ్యాహ్నాల్లో, పమిటచెంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని, అమ్మ గళ్లపెట్టెలో ఏ అక్షరాన్ని ఆ అక్షరం గదిలో వేసేది. లావుపాటి, బరువైన అక్షరాలు. తలకట్లు అరిగినా ఒత్తులు విరిగేవి కావు. బడి మెట్లెక్కని అమ్మ, మొదట్లో నాన్న ఒక్కోదాని పేరు చెబితే, వాటితోనే చదవడం నేర్చుకుంది.

సీసంలో అక్షరం తిరగబడి ఉంటుంది. అమ్మకు తెలిసింది ఆ రూపమే. అందుకని పత్రిక రాగానే వెనక్కి తిప్పి, కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టుకుని చదివేది. పల్చటి కాగితం, లావు అక్షరం. సిరా ఇవతలికి బాగా కనపడేది. వారమంతా ఆ పత్రిక కోసం గుమ్మానికీ వీధికీ తిరిగేది.

నాకు పదేళ్లప్పుడు, పెళ్లివాళ్లు మోటు అక్షరాలంటున్నారని, నాన్న పాతవి కరిగించడానికిచ్చి మద్రాసు నుంచి సన్నవి తెప్పిస్తానన్నాడు.

"ఏవండీ, ఒక్క పెట్టె అన్నా ఉంచండి," అంది అమ్మ.

"ఉంచుకుని ఏం చేస్తావే, పచ్చడి నూరుతావా?"

"చదువుకుంటాను."

"కొత్తవి మాత్రం అక్షరాలు కావా?"

పాత అక్షరాల గోతాలు బండెక్కాయి. కొత్తవి సున్నితం, విరుగుతాయని నాన్న వాటిని సర్దడానికి ప్రెస్సులోనే మనిషిని పెట్టుకున్నాడు. ఇంటికి మూటలు రావడం ఆగిపోయింది.

కొత్త పత్రిక వచ్చిన రోజు అమ్మ కిటికీ దగ్గర నిలబడింది. కాగితాన్ని దగ్గరగా పట్టుకుంది, దూరంగా పట్టుకుంది, గుమ్మంలో ఎండకు పెట్టి చూసింది. సన్నటి గీతలు ఇవతలికి రాలేదు. పక్కింటి పిన్నిగారు చూస్తుండగా నేను నవ్వాను.

"అందరిలాగా అచ్చు వైపు నుంచి చదవొచ్చుగా అమ్మా."

"అటునుంచి నాకెవరు నేర్పారే?" అంది. కోపంగా కాదు.

నేను తొక్కుడుబిళ్ల ఆడుకోవడానికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి అమ్మ పత్రికను నేలమీద పరిచి, దానిమీద మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఆ తర్వాత ప్రతి వారం పత్రిక అందుకే పనికొచ్చింది. అమ్మ ఇంకో ముప్ఫై ఏళ్లు బతికింది. ఆమె పక్కన కూర్చుని నేర్పడానికి నాకు ఒక్క వారం సరిపోయేది.

ఇప్పుడా ప్రెస్సు లేదు. కిరసనాయిలు చేతులు కడుక్కుని, ఈ ఉదయం వచ్చిన పేపరు తిప్పి కిటికీకి ఎత్తిపట్టుకుంటాను. ఏమీ చదవలేను. అయినా చేతులు నొప్పెట్టేదాకా దించను.